కిటికీ కింది పొయ్యి

సిరవార బస్టాండు వెనక మహదేవప్ప నడిపే రొట్టెల భోజనం పెట్టే ఖానావళిలో, వంటింటి గోడ పగలగొట్టి కొత్తగా కిటికీ పెట్టించారు. దాని కింద ఒక్క పొయ్యికే చోటు. రెండోది ఎప్పటిలాగే మూలన, ఉక్కలో.

జొన్నరొట్టెలు చేసే సుంకవ్వకూ, అన్నం కూరలు వండే పున్నమ్మకూ చెరో పొయ్యి, చెరో సిలిండరు. కిటికీ నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు.

"బస్, ఇగ సాలు!" అన్నాడు మహదేవప్ప. "ఇయ్యాల ఇద్దరికీ కొత్త సిలిండర్లు పెట్టిస్త. ఎవరిది ముందుగాల అయిపోతే వాళ్లు మూలకు. ఇంకొకరికి కిటికీ. అందాక అది ఖాళీ. గంతే ఫైసలా."

గ్యాసు వృథా చేయొద్దని ఆయన ఎన్నాళ్లు మొత్తుకున్నా వినిపించని మాట ఆ రోజు ఇద్దరికీ వినిపించింది. పున్నమ్మ బియ్యం నానబెట్టడం, గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలుపెట్టింది. సుంకవ్వ బర్నరు కన్నాలను సూదితో పొడిచి మసి తీసింది.

కానీ ఒక్క అలవాటు మాత్రం సుంకవ్వను వదల్లేదు. గిరాకీ కూర్చోగానే పెనం మీద రొట్టె పడాలని ఖాళీ పెనం కింద కూడా మంట ఆర్పేది కాదు. పైగా వేడి రొట్టె తనే తీసుకెళ్లి వడ్డించి, తిన్నవాళ్లు ఏమంటారో విన్నాక గానీ లోపలికి వచ్చేది కాదు.

ఆమె అటు వెళ్లగానే పున్నమ్మ పెనం దించి తన అన్నం గిన్నె ఎక్కించేది. బయట రొట్టెల్ని ఎంతసేపు పొగిడితే లోపల అన్నం అంత ఉడికేది. గాజుల చప్పుడు వినబడితే గిన్నె తన పొయ్యి మీదికి, పెనం దాని చోటికి.

"పెనం సల్లగయింది ఏందక్కా?"

"ఫ్యాను గాలి తగిలిందేమోనే. నాకేం తెలుసు?"

సుంకవ్వ మాత్రం తక్కువదా? జొన్నపిండి తడపడానికి మసిలే నీళ్లు కావాలి. అవి కాచడం మానేసి, పున్నమ్మ అన్నం వార్చే వేళకు తపేలా పట్టుకుని నిలబడేది.

"గంజి పారబొయ్యకక్కా. మా బర్రెకు కావాలె."

"ఇంత వేడిదా? గేదె నోరు కాలుద్దే!"

"మా బర్రెకు ఉడుకుదే ఇష్టం."

పెరటి గుమ్మం అవతల పొగలు కక్కే గంజి పిండిలో పడేది. రొట్టెలు మునుపటికన్నా మెత్తగా వచ్చాయి. పొగడ్తలు పెరిగాయి. అవి పెరిగేకొద్దీ సుంకవ్వ బయట ఇంకాసేపు నిలబడింది.

చివరికి ఒక మధ్యాహ్నం సుంకవ్వ లోపలికి వచ్చేసరికి సిలిండరు అయిపోయి ఆమె పొయ్యి ఆరిపోయి ఉంది. పెనం నేల మీద. పొయ్యి మీద పున్నమ్మ అన్నం, సగం ఉడికి.

"సావుకారీ! ఇటు రా! నా గ్యాసు మీద ఈ అక్క అన్నం వండుకుంటున్నది!"

పున్నమ్మ చూపు తప్పించబోతే గుమ్మం అవతల పిండి పళ్లెం కనబడింది. పిండిలో అన్నం మెతుకులు.

"ఓహో! మీ గేదె రొట్టెలు కూడా చేసుద్దా ఏంటే సుంకవ్వా?"

మహదేవప్ప వచ్చి పున్నమ్మ సిలిండరు ఊపి చూశాడు. ఇంకా బరువుగానే ఉంది. ఆయనకు నవ్వాగలేదు.

"ఒకరి మంట ఒకరు, ఒకరి గంజి ఒకరు వాడుకుంటే ఇద్దరికీ ఒక్క పొయ్యి సాలు కదా! రెండోది తీసెయ్యండి."

పున్నమ్మ రెండు బర్నర్ల పొయ్యి కిటికీ కిందికి చేరింది. ఒక మంట కూరకు. రెండోదాని మీద గిరాకీ ఉంటే పెనం, లేకుంటే అన్నం గిన్నె.

"కొంచెం జరుగక్కా. గాలంతా నువ్వే తాగుతున్నవ్."

"గంజి వార్చాను. తీసుకెళ్లి మీ గేదెకి పోసి రా. ఈలోపు నేను గాలి పీల్చుకుంటా."

సుంకవ్వ కదల్లేదు. పిండి పళ్లేన్నే కాలితో కిటికీ దగ్గరికి లాక్కుంది.