పదిహేడో వాక్యం

మా సంస్థలో ఒక నియమం ఉంది. ఎవరైనా వచ్చి తమకు జరిగిన అన్యాయం చెప్పుకుంటే, మేము రాసుకున్నది అచ్చుకు పంపేముందు ఆ మనిషిని కూర్చోబెట్టి వాక్యం వాక్యంగా చదివి వినిపించాలి. ప్రతి వాక్యం తర్వాత ఆగాలి. వినేవాళ్ళు మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్పాలి: అవును, కాదు, గుర్తులేదు. గదిలో సంస్థ తరఫున రెండో మనిషి ఒకరుండాలి. ఏం విన్నా సరే, ఆ రెండో మనిషి లేచి వెళ్ళకూడదు. చెప్తూ ఉండగా ఎదుటివాళ్ళు లేచిపోతే, చెప్పినవాళ్ళు ఈ జన్మలో మళ్ళీ నోరు తెరవరు.

ఈ నియమం రాసింది నేనే, కార్యదర్శినైన మొదటి నెలలో. తర్వాత ఎక్కడెక్కడి సంస్థలూ దీన్ని మా దగ్గర్నుంచి తీసుకున్నాయి. శిక్షణ తరగతుల్లో, "మీకు ఈ ఆలోచన ఎలా వచ్చింది సార్?" అని అడుగుతారు. మనిషి మాటకుండే విలువ గురించి ఏదో చెప్తాను. అందరూ రాసుకుంటారు. అసలు కారణం వేరు. నా వాంగ్మూలాన్ని నాకెవరూ చదివి వినిపించలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కరపత్రాలు పంచుతూ దొరికిపోయాను. పోలీసులు నన్ను నాలుగు రోజులు ఒక భవనంలో ఉంచారు. వదిలేశాక ఆసుపత్రి వార్డులో ఉంటే, అప్పుడే సంస్థ పెట్టిన ఒక లాయరు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంది. "ఎవరి పేరైనా చెప్పావా?" అని అడిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.  తర్వాత కాగితం మీద పెన్ను నడిచిన చప్పుడు వినిపించింది. సంతకం పెట్టమంటే పెట్టాను. ఆమె రాసింది నెల తర్వాత అచ్చులో చూశాను. పదిహేడో వాక్యం: "మూడో రోజు వరకూ అడిగారు, నేను ఎవరి పేరూ చెప్పలేదు."

చెప్పాను. నేను చెప్పిన మర్నాడు తెల్లవారేసరికి మా కరపత్రాలు వేసే ప్రెస్సును చుట్టుముట్టి, అక్షరాలు కూర్చే కంపోజిటర్‌ను పట్టుకెళ్ళారు. పదహారు నెలలు ఉంచారు. తిరిగొచ్చేటప్పటికి అతని కుడిచేతి వేళ్ళలో రెండు మాత్రమే వంగుతున్నాయి. అతని ఆచూకీ ఎవరు చెప్పారని అందరూ తలలు బద్దలు కొట్టుకుంటే, ఆ పూట ప్రెస్సు వాచ్‌మన్ డ్యూటీలో లేడన్న సంగతి బయటపడింది. ఇంకేముంది, తేలిపోయింది. మా మొదటి నివేదికలో, నా వాంగ్మూలంలోనే, ఇరవై మూడో వాక్యంగా అది చేరింది: "వాచ్‌మన్ సమాచారమిచ్చాడని తర్వాత తెలిసింది."

కంపోజిటర్ మా అక్కను పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు మా సంస్థ ఉపాధ్యక్షుడు. ముప్ఫై ఏళ్ళుగా నేను ఆయన్ని బావా అంటున్నాను.

ఆ మొదటి నివేదికను మళ్ళీ అచ్చు వేయాలని ఈ ఏడు నిర్ణయించారు. పదేళ్ళు దాటిన వాంగ్మూలాన్ని తిరిగి అచ్చు వేస్తే మళ్ళీ చదివి వినిపించాలి. అదీ నేను రాసిన నియమమే. ప్రకటన వెలువడిన వారానికి ఒక ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద, గుండ్రటి చేతిరాత.

"నేను ప్రెస్సు వాచ్‌మన్ కూతుర్ని. నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆ పూట ఆయన డ్యూటీలో లేకపోవడానికి కారణం నా జ్వరం. మీ పుస్తకంలో ఆయన గురించి ఒక వాక్యం ఉంది. దాన్ని తీసేయమని అడగడం లేదు. తీసేస్తే జాలిపడి తీసేశారంటారు. ఎవరు చెప్పారో మీకు తెలిస్తే అది రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి."

రెండు రోజులు ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. తర్వాత లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ వార్డులో స్టూలు మీద కూర్చున్నది ఆవిడే. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు, మా అధ్యక్షురాలు. వరండాలో కుర్చీ వేసుకుని, ఒడిలో ఫైలు పెట్టుకుని, చదివిన ప్రతి పేజీనీ నేల మీద ఒక రాయి కింద పెడుతోంది.

"అమ్మా, మీకొక సంగతి చెప్పాలి. ఆ మూడో రోజు..."

"ఆగు." చెయ్యెత్తింది. "నేను వినకూడనిదైతే చెప్పకు."

"వినాలి మీరు."

"చూడు నాయనా. వచ్చే నెల పన్నెండున కోర్టులో మూడువందల నలభై వాంగ్మూలాలు పెడుతున్నా. ప్రతిదాని కిందా 'సరిచూశాను' అని నీ సంతకం. అన్నీ కట్టుకథలని అవతలి లాయరు గుక్క తిప్పుకోకుండా అరుస్తాడు. వాడికి ఒక్కటి దొరికితే చాలు. నాకు తెలియనంతకాలం లేచి నిలబడి వాదిస్తాను. తెలిశాక వాదించలేను. నా వృత్తి అలాంటిది."

"మరి ఆ అమ్మాయి?"

"వాచ్‌మన్ వాక్యం తీసేద్దాం. చోటు చాల్లేదని చెబుదాం."

"తీసెయ్యొద్దని రాసింది."

"రాస్తుంది. చిన్నపిల్ల."

"నలభై దగ్గరికొచ్చుంటుందమ్మా."

ఆవిడ ఫైలు మూసింది. రోడ్డు వైపు చూసింది. ఎదురింటి గోడకు సున్నం వేస్తున్నవాడు నిచ్చెన జరుపుకుంటున్నాడు. "అప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావు," అంది. "నిద్రొచ్చిందనుకున్నాను."

అలా అనుకుందో, అలా అనుకోవాలని నిశ్చయించుకుందో నాకు తెలియదు. ఆవిడకు కూడా తెలుసని అనుకోను.

చదివి వినిపించడానికి గురువారం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టింది కత్తెర. కత్తెరంటే మా సంయుక్త కార్యదర్శి. నివేదికల్లో ఒక్క అదనపు విశేషణాన్ని కూడా బతకనివ్వదు కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండో మనిషిగా లాయరమ్మను అడిగాను. కోర్టు పనంది. "నేనున్నాగా, నేను కూర్చుంటా," అన్నాడు బావ. "మా బావమరిది వీరగాథ నా చెవులతో నేను విని ఎన్నాళ్ళయింది!" వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

గురువారం దాకా ఉన్న మూడు రోజులూ 'గుర్తులేదు' అన్న మాటను సాధన చేశాను. స్నానాల గదిలో, బస్సులో, పెదవులు కదపకుండా. అది చాలా మర్యాదైన మాట. దాన్నెవరూ ప్రశ్నించరు. ఆ వాక్యం పక్కన చిన్న చుక్క పెట్టి ముందుకు వెళ్తారు. కానీ వందలమంది ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేను. నిజంగా మరిచిపోయినవాళ్ళు వెతుక్కుంటారు. కళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి, చేతులు బల్ల మీద తడుముతాయి. మరిచిపోనివాళ్ళు వెంటనే గుర్తులేదంటారు. ఈ తేడాను కత్తెరకు నేర్పింది నేనే. వెతుక్కుంటున్నట్టు నటించడం కూడా సాధన చేయబోయాను. అద్దంలో నా ముఖం నాకే అసహ్యం పుట్టించింది.

వినే గది మా ఆఫీసులో అన్నిటికన్నా చిన్నది. బల్ల అంచులు గుండ్రంగా చెక్కించాం. గోడలకు ఏ బొమ్మా లేదు. తలుపుకు గడియ లేదు. గడియ చప్పుడు పడనివాళ్ళు వస్తారని నేనే తీయించాను. ఇన్నేళ్ళూ నేను ఆ బల్లకు ఒకవైపే కూర్చున్నాను. రెండోవైపు కుర్చీ ఇంత పల్లంగా ఉంటుందని ఆరోజే తెలిసింది. అక్కడినుంచి చూస్తే ఎదుటివాళ్ళ చేతిలో కాగితం కనిపిస్తుంది గానీ అందులో రాసింది కనిపించదు.

"మొదలుపెడదామా సార్?" అంది కత్తెర. నాలుగేళ్ళుగా నాతో వాదులాడే మనిషి, ఆ కుర్చీలో ఉన్నవాళ్ళతో మాట్లాడే గొంతుతో మాట్లాడింది. ఆ గొంతు కూడా నేను నేర్పిందే.

"ఒకటి. నన్ను మంగళవారం మధ్యాహ్నం బస్సు స్టాండు దగ్గర పట్టుకున్నారు."

"అవును."

"నాలుగు. అప్పుడు నేను నీలం రంగు చొక్కా వేసుకున్నాను."

"అవును."

"ఆ చొక్కా నాది," అన్నాడు బావ. "అడిగి తీసుకున్నాడనుకుంటున్నావా? దండెం మీంచి లాక్కెళ్ళాడు. అది కూడా రాయమ్మాయ్, చరిత్రలో ఉండాలి."

"మీరు మాట్లాడకూడదు బాబాయ్."

"సరే తల్లీ, నోటికి తాళం."

తొమ్మిది, పది, పదకొండు. అన్నీ అవును. ఒక్కో అవునుతో గది కొంచెం కొంచెం ఇరుకైంది. చుట్టూ నిజాలే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా. ఇన్ని నిజాలు చెప్పిన నోటితో ఇంకొక్క అవును అనడం ఎంత తేలికో అప్పుడు అర్థమైంది. అలవాటే అనేస్తుంది. నేను అననక్కర్లేదు. బావ కుర్చీలో వెనక్కి వాలి, కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకుంటున్నాడు. నొప్పేమీ లేదు, ఆయన అలవాటది. మా అక్క పక్కన కూర్చుంటే ఆమె నిమురుతుంది.

"పదిహేడు. మూడో రోజు వరకూ అడిగారు, నేను ఎవరి పేరూ చెప్పలేదు."

ఆగింది. ఎంతసేపైనా ఆగాలి. అదీ నియమమే.

మూడువందల నలభై మంది ఉన్నారు. లాయరమ్మ ఉంది. అక్క ఉంది. గీతల కాగితం జేబులో ఉంది. వీటిలో ఏదో ఒకటి నా బదులు జవాబు చెబుతుందని ఎదురుచూశాను. ఏదీ చెప్పలేదు.

"కాదు," అన్నాను.

కత్తెర తల ఎత్తలేదు. కాగితం మీద ఆనించిన పెన్ను దగ్గర సిరా చుక్క పెద్దదైంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, అదే అడిగింది. "అయితే ఏది సరైనది సార్?"

"మూడో రోజు పొద్దున ఒక పేరు చెప్పాను."

"ఎవరిది?"

నేను బల్ల అంచు చూస్తూ చెప్పాను. "కంపోజిటర్‌ది. ప్రెస్సు ఎక్కడుందో కూడా."

బావ నవ్వాడు. "ఏంట్రా ఇది, నన్ను ఆటపట్టించడానికి ఈ గదే దొరికిందా?" ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఆయన ముఖం మీద అలాగే ఉండిపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి సగం లేచాడు. గుమ్మం రెండడుగుల దూరం. వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. ఆయన గుమ్మాన్ని చూశాడు, కత్తెరను చూశాడు, కూర్చున్నాడు. ఆయన భుజాలు పట్టి కూర్చోబెట్టింది నా నియమం.

"అంత కొట్టారా?" అన్నాడు.

అవునంటే చాలు. ఆయన నాకు ఆ దారి తెరిచి పట్టుకున్నాడు.

"మూడో రోజు కొట్టలేదు బావా. కుర్చీ వేసి కూర్చోమన్నారు. ఒకాయన నా పేరు పెట్టి పిలిచాడు. మూడు రోజుల్లో మొదటిసారి."

ఆయన చెయ్యి నిమురుకోవడం మానేశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తనవి కానట్టు చూశాడు.

"వాచ్‌మన్ నేను తిరిగొచ్చాక నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాడు," అన్నాడు చివరికి, నాతో కాదు, కత్తెరతో. "రెండుసార్లు. మీ పిన్నితో గెంటించాను. నా తప్పేం లేదయ్యా, నా తప్పేం లేదయ్యా అంటూ మెట్లు దిగాడు. రెండోసారి కూడా అదే మాట."

"బాబాయ్..."

"వాచ్‌మన్ కూతురికి ఎవరు చెప్తారు?"

"అచ్చుకు ముందే తెలియజేయాలి," అంది కత్తెర. "ఉత్తరం రాస్తాను. లాయరమ్మగారికి కూడా ఇవాళే..."

"ఉత్తరమొద్దు. నేను వెళ్తా. ఆయన నా దగ్గరికి రెండుసార్లొచ్చాడు."

కత్తెర మార్జిన్‌లో కొత్త వాక్యం రాసింది. మార్చిన వాక్యాన్ని కూడా చదివి వినిపించాలి. "పదిహేడు. మూడో రోజు పొద్దున నేను కంపోజిటర్ పేరు, ప్రెస్సు చిరునామా చెప్పాను."

"అవును."

"ఇక్కడికి ఆపమంటారా సార్?" సాక్షి అడిగితే ఆపవచ్చు. నా నోరు తెరుచుకుంది.

"ఆపకు," అన్నాడు బావ. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. "మొత్తం చదువు. వింటా."

కత్తెర నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"పద్దెనిమిది," అంది.  "ఆ తర్వాత నాకు నీళ్ళిచ్చారు."

ముప్ఫై ఏళ్ళుగా అచ్చులో ఉన్న వాక్యం. ఒక్క అక్షరం అబద్ధం లేదు. చదివినవాళ్ళందరూ, వీడు నోరు విప్పడని విసిగిపోయి ఇచ్చారనుకున్నారు. నేనూ అలాగే చదువుకోవడం నేర్చుకున్నాను. స్టీలు గ్లాసు. అంచు దగ్గర చిన్న సొట్ట. రెండో గ్లాసు కూడా అడిగాను, ఇచ్చారు.

ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

"అవును," అన్నాను.

కత్తెర ఆ వాక్యం పక్కన గుర్తు పెట్టి కాగితాన్ని కొంచెం పైకి జరిపింది. ఇంకా ముప్ఫై తొమ్మిది వాక్యాలున్నాయి.