చదవని మా ఆయనకి

నాకు కంప్యూటర్లతో ఓపిక ఎక్కువ, మనుషులతో తక్కువ. పుస్తకాలకు పేజీలు కట్టి ప్రెస్సుకు పంపడం నా పని కాబట్టి, వదిన రాసిన కుట్టుపని పుస్తకం కూడా నా నెత్తినే పడింది. సాయంత్రానికి ప్రెస్సుకు చేరాలి. పాఠాలన్నీ అయ్యాయి, అంకితం ఒక్కటే మిగిలింది.

"రాయమ్మా," అంది వదిన, నా పక్కకి కుర్చీ లాక్కుని. "ఈ పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదవని మా ఆయనకి."

"వదినా, అచ్చులో పడితే చెరగదు."

"పడనీ. అచ్చయ్యాక చూద్దాంలే అన్నారు మీ అన్నయ్య. ఎవరు చదివితే నాకేంటి, కట్టుకున్నవాడు చదవనప్పుడు?" అంటూ మొహం పక్కకు తిప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మహానుభావుడు పక్కగదిలో తలుపేసుకుని ఆట చూస్తున్నాడు. టీవీ మోత, మధ్యమధ్య అన్నయ్య నవ్వు.

వాక్యం కొట్టి, పీడీఎఫ్ మళ్లీ తయారు చెయ్యమని బటన్ నొక్కాను. కంప్యూటర్ కుదరదంది. పాత పీడీఎఫ్ ఎవరో తెరిచి ఉంచారట, అది మూస్తే గానీ దాని మీద కొత్తది రాయదట. నా దగ్గర తెరిచినవన్నీ మూసి మళ్లీ నొక్కాను. అదే పాట. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి చూశాను. ఊహూఁ.

"నా రాతే అంత. తిట్టుకుందామన్నా కలిసిరాదు," అంది వదిన.

అప్పుడు వెలిగింది నాకు. ఈ ఫైళ్లు ఇంట్లో రెండు కంప్యూటర్లకూ ఉమ్మడి. ఒకటి నాది, రెండోది పక్కగదిలో ఉంది.

"వదినా, ఆట చూస్తూ అంత నవ్వేదేముంటుంది?"

ఇద్దరం చప్పుడు చెయ్యకుండా వెళ్లి తలుపు తోశాం. టీవీ దాని మానాన అది అరుస్తోంది. అన్నయ్య దానికి వీపు పెట్టి, కంప్యూటర్లో తలదూర్చి కూర్చున్నాడు. తెర మీద వదిన పుస్తకం, చివరి పాఠం. ఒళ్లో ఏదో గుడ్డ. మమ్మల్ని చూసి దాన్ని దాచబోతే వదిన లాక్కుంది.

దిండు గలీబు. నాలుగు వైపులా కుట్టేసి ఉంది.

"ఇందులోకి దిండెలా దూరుతుందండీ?"

"అదే నీకెలా చెప్పాలా అని చూస్తున్నా. మొదటి పాఠంలో ఎలా ఉంటే అలా కుట్టాను. ఒక వైపు వదలమని నువ్వెక్కడా రాయలేదు. పోయినసారి తప్పు చూపిస్తే వారం రోజులు మాట్లాడలేదు. అందుకే చదవట్లేదని చెప్పి..."

వదిన వంగి మొదటి పాఠం చూసింది. నిజంగానే లేదు. చేతికి అలవాటైపోయిన పని, చెప్పాలని తోచనే లేదు. గలీబును అటూ ఇటూ తిప్పి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే దాంతోనే కళ్లు తుడుచుకుంది.

"చూశావా వదినా, అన్నయ్య చదువుతున్నంతసేపూ చదవలేదన్న నీ మాట పుస్తకంలోకి ఎక్కనే ఎక్కదు," అన్నాను. "ఇక ఆ ఫైలు మూస్తావా అన్నయ్యా? ప్రెస్సువాళ్లు కాచుక్కూర్చున్నారు."

"ఇంకా రెండు పేజీలున్నాయే."

"చదవనీ," అంది వదిన. "ప్రెస్సెక్కడికి పోతుంది!"

అన్నయ్య చదివి మూశాక, దిద్దాల్సినవి దిద్ది బటన్ నొక్కాను. ఈసారి మారుమాట లేకుండా తయారైంది. మొదటి పాఠంలో ఒక వాక్యం పెరిగింది. అంకితం మాత్రం నన్ను లేపి, వదినే ఒంటి వేలితో కొట్టింది.

"నాలుగు వైపులా కుట్టిన మా ఆయనకి."