ఊ కొట్టనిది

"పొద్దున రెండుసార్లు తలుపు తీశావు, ఎవరొచ్చారు?" అని భర్త ఆఫీసు నుంచి ఫోన్ చేసేసరికి ఆమె ఆరిన బట్టలు మడతపెడుతూ, ఒక చెవిలో మీటింగు వింటోంది. "చెత్తబుట్ట బయట పెట్టడానికి ఒకసారి, తిరిగి లోపలికి తేవడానికి ఒకసారి" అంది. "ఊరికే అడిగాన్లే" అన్నాడాయన.

ఆయన చెడ్డవాడు కాడు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. ఊరికే అడుగుతాడంతే. గుమ్మం మీద చొక్కా బొత్తామంత కెమెరా, హాల్లో ఇంకోటి, ఆమె ఫోనూ అత్తగారి ఫోనూ ఎక్కడున్నాయో చెప్పే యాప్ ఒకటి. అవి కొన్నప్పుడు "మీ భద్రత కోసమే కదా" అన్నాడు. ఇంటి యజమాని ఎవరని యాప్ అడిగితే తన పేరు కొట్టాడు. అక్కడ ఒక్క పేరే పడుతుంది. మిగతావాళ్ళు 'సభ్యులు'. అత్తగారు అదివరకు రోజూ సాయంత్రం వీధి చివరి బల్ల మీద ఒక స్నేహితురాలితో కూర్చుని వచ్చేవారు. "అమ్మా, నిన్న అంతసేపు ఎక్కడున్నావే?" అని కొడుకు నవ్వుతూనే అడిగాడు. ఇంకోరోజు మళ్ళీ నవ్వుతూనే అడిగాడు. ఆ తర్వాత ఆవిడకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ఏ డాక్టరుకీ చూపించుకోని నొప్పులు.

ఆమె చెవిలో నడుస్తున్న మీటింగు కూడా ఇలాంటి వస్తువుల గురించే. ఇంటర్నెట్‌కి రాజూ లేడు, మంత్రీ లేడు. ఒక యంత్రం ఇంకో యంత్రంతో ఏ భాషలో మాట్లాడాలి, ఏం చెప్పాలి, ఏం దాచాలి అన్నది ఇంజనీర్లు గుంపులుగా కూర్చుని, వాదించుకుని, ప్రమాణంగా రాసిపెడతారు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు. చట్టం కాదు గనక పాటించమని బలవంతమూ లేదు. కానీ ఒకసారి ప్రమాణమయ్యాక కంపెనీలన్నీ అలాగే తయారుచేస్తాయి, ఊరూరా ఇంటింటికీ అదే వెళ్తుంది. ఆమె పనిచేసే కంపెనీ ఇళ్ళలో పెట్టుకునే ఇలాంటి పరికరాలే చేస్తుంది గనక ఆమెను ఆ గుంపులోకి పంపింది. వెళ్ళిన మొదటిరోజే అధ్యక్షుడు "మినిట్స్ ఎవరు రాస్తారు?" అని అడిగాడు. గదిలో ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారిగా తమ చేతిగోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు రాయాలి కదా అని ఆమె రాసింది. అప్పటినుంచి ఆమె 'మినిట్స్ మేడమ్'. ఎవరేమన్నారో రాయడం, తప్పులు దిద్దడం, రెండు వర్గాలు దెబ్బలాడుకుంటే ఇద్దరికీ నచ్చే వాక్యం వెతకడం ఆమె పని. పత్రం మీద పేర్లు మాత్రం వేరేవాళ్ళవి. ఇంట్లో వండేదొకరు, విందు ఇచ్చారని పేరొచ్చేది ఇంకొకరు. అలవాటైన సంగతే, కొత్తగా బాధపడడానికి కూడా ఓపిక లేదు.

ఆ గుంపులో ఓట్లుండవు. అధ్యక్షుడు ఒక ప్రశ్న వేస్తాడు, ఒప్పుకునేవాళ్ళు నోరు మూసుకునే గొంతులోంచి 'ఊ' అంటారు. తర్వాత ఒప్పుకోనివాళ్ళు 'ఊ' అంటారు. ఏ ఊ గట్టిగా వినిపిస్తే గది అటు ఉన్నట్టు. కానీ తలలు లెక్కపెట్టి తేల్చరు. ఒక్కరు లేచి సరైన కారణం చెప్పి అడ్డుకున్నా, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు. మొదటిసారి ఈ పద్ధతి విన్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళైనప్పటినుంచీ తను చేస్తున్నది ఊ కొట్టడమే కదా! ఇల్లు మారదామన్నారు, ఊ. ఇంకో ఏడాది ప్రమోషన్ వద్దనుకో అన్నారు, ఊ. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు సగానికే ఒప్పుకున్నారు. ఇంట్లో మాత్రం అది నిండు అంగీకారం.

మర్నాడు గుంపంతా కలిసి కూర్చునే సమావేశం ఆమె ఉండే ఊళ్ళోనే. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, అత్తగారి మందులు డబ్బాలో సర్ది, బస్సు పట్టుకుని వెళ్ళేసరికే ఆమె సగం అలిసిపోయింది. చల్లటి పెద్ద హాలు, వరసగా కుర్చీలు, మధ్య దారిలో నిలబెట్టిన మైకు. ఆనాటి పత్రంలో ఒక ఇంటికి ఒక యజమాని, ఆ యజమానికి సభ్యుల రాకపోకలన్నీ కనబడతాయి. కనబడుతున్నట్టు సభ్యులకు చెప్పాలా అన్న చోట 'పరికరం చేసేవారి ఇష్టం' అని ఉంది. ఆ వాక్యాన్ని సాఫు చేసి అందంగా రాసింది ఆమే. దెబ్బలాట ఆపడానికి తను వెతికిచ్చిన వాక్యం అది.

హాల్లోకి వెళ్ళేముందే మేనేజరు పక్కకు పిలిచాడు. "ఇవాళ ఇది అయిపోవాలమ్మా. మన కొత్త సరుకు దీనిమీదే ఆగి ఉంది."

"ఇక్కడ ఎవరి మాట వాళ్ళదే అంటారు కదండీ. కంపెనీ తరఫున కాదని."

"అంటారు" అని నవ్వాడు ఆయన. "జీతం మాత్రం కంపెనీ ఇస్తుంది."

అధ్యక్షుడు ప్రశ్న వేశాడు. హాలంతా తుమ్మెదలు చేరినట్టు 'ఊ' మంది. ఒప్పుకోనివాళ్ళు అనమన్నప్పుడు ఎక్కడో దగ్గు వినిపించింది, అంతే. "సరే, అందరూ ఒప్పుకున్నట్టే. రాసుకోండి మేడమ్" అన్నాడాయన.

'అందరూ' అని టైపు చేయబోయి ఆమె వేళ్ళు ఆగాయి. అందరూ అంటే ఎవరు? బల్ల దగ్గరకు వెళ్ళడం మానుకున్న ముసలావిడ ఆ అందరిలో ఉందా? ఈ హాలు ఉందని కూడా తెలియని మనిషి ఎక్కడినుంచి ఊ కొట్టింది? ఆమెకు కోపం రాలేదు. ఒళ్ళంతా పట్టేసిన అలసట వచ్చింది. ఈ ఒక్క మాట కూడా తన చేత్తోనే రాయాలా అనిపించింది. లాప్‌టాప్ పక్క కుర్చీలో పెట్టి, లేచి మైకు దగ్గరకు నడిచింది.

"నాకు అభ్యంతరం ఉంది."

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీరు మినిట్స్ రాస్తున్నారు కదా మేడమ్?"

"ఇప్పుడు మాట్లాడుతున్నానండీ. ఇంకెవరైనా రాయండి."

హాల్లో ఎవరో నవ్వారు. ఎవరూ రాయడానికి లేవలేదు. చివరికి అధ్యక్షుడే తన కంప్యూటరు ముందుకు లాక్కున్నాడు.

"యజమాని మంచివాడని నమ్మి ఈ పత్రం రాశాం. మా ఇంట్లో ఈ పరికరాలు ఉన్నాయి. యజమాని మంచివాడే. అయినా మా ఇంట్లో పెద్దావిడ బయటికెళ్ళడం మానేశారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎక్కడికెళ్ళావని అడిగారంతే. మంచివాడి చేతిలోనే ఇలా ఉంటే, చెడ్డవాడి ఇంట్లోంచి పారిపోవాలనుకునే మనిషి సంగతేంటి? ఆమె గుమ్మం దాటిన క్షణమే అతని ఫోన్ మోగుతుంది. అది పరికరంలో లోపం కాదు, మనం రాసినట్టే పనిచేయడం. దీనికి జవాబు చెప్పి ముందుకెళ్ళండి."

ఒకరిద్దరు పత్రం వెనక్కి తిప్పి ఆ వాక్యం మళ్ళీ చదివారు. మేనేజరు కిటికీ వైపు చూస్తున్నాడు. కాసేపు గుసగుసలయ్యాక అధ్యక్షుడు నిట్టూర్చాడు. "దీనికి జవాబు దొరకలేదు గనక పత్రం వెనక్కి వెళ్తుంది. బదులుగా ఏముండాలో వచ్చే సమావేశానికి మీరే రాసి తీసుకురావాలి. మీ పేరుతో."

కాదంటే ఇంకో చాకిరీ అంటగడతారన్నది ఇంట్లో ఎప్పుడో తెలిసిన సంగతే. బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రేపటినుంచి మేనేజరు ఎలా చూస్తాడో, ఈ ఉద్యోగం ఎన్నాళ్ళో తెలియదు.

సాయంత్రం భర్త ఇంకా ఇంటికి రాకముందే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. అత్తగారు ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. "వచ్చీరాగానే మళ్ళీ ఆఫీసు పనేనా?" అన్నారు.

"ఆఫీసుది కాదు అత్తయ్యా. దీనికి జీతం రాదు. పైగా ఉన్న జీతం పోవచ్చు."

"మరెందుకే?"

జరిగిందంతా చెప్పింది. ఆవిడ బయటికెళ్ళడం మానేసిన సంగతి హాల్లో అందరిముందు చెప్పానని కూడా చెప్పింది. అత్తగారి చేతిలో కత్తి ఆగింది. కోప్పడతారేమో అనుకుంది. ఆవిడ కూరగాయల పళ్ళెం పక్కకు జరిపారు. తర్వాత, "ఏమని రాస్తున్నావు? చదువు" అన్నారు.

"ఇంట్లో ఎవరినైనా చూస్తుంటే, చూస్తున్నట్టు ఆ మనిషికి తెలియాలి."

అత్తగారు తల అడ్డంగా ఊపారు. "నాకు తెలుసు కదే, వాడు చూస్తున్నాడని. తెలిసే కదా వెళ్ళడం మానేశాను. తెలిస్తే ఏం లాభం? వద్దంటే ఆగాలి. అది రాయి."

ఆమె తను రాసిన వాక్యాన్ని మొత్తం చెరిపేసింది. 'ఆ మనిషి వద్దంటే ఆగాలి' అని రాసి, కింద రచయితల పేర్లుండే చోట ముందు అత్తగారి పేరు కొట్టింది.