జాలులో ఉల్లంకిపిట్ట

అన్నం వండి, బిడ్డ ప్రణీత బడి డబ్బాలోకి ఆలుగడ్డ కూర చేసి మూత పెట్టేసరికి ఇంకా ఐదు కూడా కాలేదు. ఇంట్లోవాళ్లు లేచేలోపు పనంతా ముగిస్తే తప్ప ఒక్క పొద్దు కూడా నాది కాదు. మా ఆయన హన్మంతు దుబాయి నుంచి చుట్టీ మీద వచ్చి ఇరవై రోజులైంది. పొద్దున పిట్టను చూడబోతానంటే, రాత్రి తింటూ, "పిట్టలే సూడాల్నంటె సికెన్ సెంటర్ కాడ నిలబడు, మస్తు కనవడ్తయ్," అన్నాడు. మా అత్త అంజవ్వ అందుకుంది. "పిట్టలను సూస్తె కడుపు నిండుతదా?" ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

బీర్పూర్ దారిలో చెరువు కట్ట వెనుక నీళ్లు ఊరి పంట పండని జాలు నేల ఉంది. అక్కడ రంగుల ఉల్లంకిపిట్ట దిగిందని, పిట్టల లెక్కలు రాసుకునే రజని టీచర్ చెప్పి నెలైంది. మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఇంటి నుంచి ఫోను రాగానే సగంలోనే తిరిగొచ్చాను. ఇప్పుడు నీళ్లు ఇంకిపోతున్నాయి, ఇంకో వారమైతే పిట్ట ఉండదు.

టీచర్ నన్ను వెంటబెట్టుకునేది జాలిపడి కాదు. పదిహేనేళ్లుగా బీడీలు చుట్టి ఇరవై ఐదింటి కట్ట నా కంటికి అలవాటైపోయింది. బాతుల గుంపు లేస్తే కట్టల లెక్కన చూసి ఆమెకన్నా ముందే ఎన్నో చెప్పేస్తాను. "జమునా, నువ్వు లేకుంటె నా నోట్‌బుక్కుల అన్నీ తప్పులే," అంటుంది. నా కంటిని మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

తెల్లారేసరికి ఇద్దరం జాలు చేరి తుంగలో బురద మీద కూర్చున్నాం. కాసేపటికి ఓ మట్టిరంగు పిట్ట బయటికొచ్చింది, వెనుక నాలుగు పిల్లలు.

"తల్లి," అన్నాను మెల్లగా.

"తండ్రి," అంది టీచర్. "గీటిల గుడ్లు పొదిగేది, పిల్లల సాకేది మగదే. ఆడదాన్ని గటు సూడు."

అటు చూశాను. బెల్లం రంగు మెడ, కంటి చుట్టూ తెల్లటి పట్టీ. ఒంటరిగా, తాపీగా బురదలో ముక్కు పెట్టి మేస్తోంది. ఎంత బాగుందో! అయినా పిల్లల్ని వదిలేసిందని క్షణంపాటు దాని మీద కోపం వచ్చింది. ఆ కోపం నాది కాదని, మా అత్త గొంతని వెంటనే గుర్తుపట్టాను.

అప్పుడే చేతిలో ఫోను వణికింది. గొంతు తగ్గించి ఎత్తాను.

"ప్రణీతకు రెండు జడలెయ్యాల్నట," అన్నాడు హన్మంతు. "బస్సు అచ్చే టైమైంది. జల్ది రా."

కాళ్లు వాటంతటవే లేవబోయాయి. వాటిని ఆపుకున్నాను.

"నువ్వే ఎయ్యి. మూడు పాయలు తీసి అల్లుడే."

"నాకెట్లస్తదే?"

"గంత పెద్ద బిల్డింగులకు రాడ్లు కడ్తవు, రెండు జడలు కట్టరాదా?"

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత నా బిడ్డ గొంతు వినిపించింది. "బాపూ, గుంజకు! గట్ల కాదు, గిట్ల." నవ్వు కూడా వినిపించింది.

"సరే గని," అన్నాడు, "నువ్వు ఎప్పుడస్తవో చెప్పు."

పిట్ట ఇంకా మేస్తూనే ఉంది.

"కడుపునిండ సూసినంక అస్త," అన్నాను.