దిద్దిన బొమ్మలు

ఫిబ్రవరి పద్దెనిమిది. ఆ మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారు తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, డాన్సు టీచరు డబ్బా మూతలో పెట్టి బలవంతాన చేతికిచ్చిన జామకాయ ముక్కలు. భార్య పోయినప్పటి నుంచి ఏ పూట ఏం తిన్నదీ ఆయనకు గుర్తుండదు. ఆ పూట మాత్రం గుర్తుండిపోయింది. తింటుండగానే ఆ పాడు ఆలోచన వచ్చింది మరి.

మర్నాడు పై ఆఫీసు నుంచి ఒక అధికారిణి బడికి వస్తోంది. చిన్న తరగతులకు వారంలో కొన్ని గంటలు బొమ్మలకీ, కొన్ని ఆటపాటలకీ ఉన్నాయి. వచ్చే ఏడాది అవి ఉంటాయా, వాటిని లెక్కలకు ఇచ్చేస్తారా అన్నది ఆవిడ చూసి తేలుస్తుంది. మాస్టారి ఉద్యోగానికి ఢోకా లేదు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ హాయిగా గడిపేయవచ్చు. ఆయన బెంగంతా ఆ గంటల గురించే. లెక్కలప్పుడు బల్ల కిందికి జారిపోయే పిల్లలు బొమ్మల గంటలో మోకాళ్ల మీద లేచి కూర్చుంటారు.

గోడకు అతికించిన బొమ్మల కేసి చూశారు. ఆకుపచ్చ కుక్కలు, గాలిలో తేలే ఇళ్లు, మెడలు లేని అమ్మలు. రోజూ చూసి మురిసిపోయే బొమ్మలే. కాకి పిల్ల కాకికి ముద్దు, కానీ రేపు వచ్చేది కాకి కాదు కదా అనిపించింది.

"ఏంటన్నయ్యగారూ, గోడని కొరుక్కు తినేలా చూస్తున్నారు?" అంది డాన్సు టీచరు.

"కొంచెం సరిచేస్తే బాగుంటాయేమోనమ్మా. ఓ మెడ, ఓ తలుపు... అంతే."

"వద్దండీ బాబూ. మా బొండాంగాడు చూడండి, అందరూ కుడికి తిరిగితే వాడు ఎడమకే. రేపూ అంతే. తిరగనీ."

"నీ వాళ్లు గిర్రున తిరిగి వెళ్లిపోతారు. నావి గోడ మీదే ఉంటాయి తల్లీ. ఆవిడ ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు."

బడి వదిలాక మాస్టారు కుంచె తీశారు. ముందు ఒక అమ్మకు మెడ పెట్టారు. మెడ వచ్చాక భుజాలు ఎగుడుదిగుడుగా కనిపించాయి. భుజాలు దిద్దితే వెనక ఇల్లు ఒరిగినట్టుంది. ఇంట్లో ఆయన కూరలో ఉప్పు వెయ్యబోతే భార్య గరిటె లాక్కునేది. "వండే దాన్ని నేనున్నాగా. మీరు తినండి చాలు" అనేది. ఇప్పుడు చేతిలోంచి కుంచె లాక్కునే వాళ్లు లేరు. వెలుతురు తగ్గేసరికి గోడంతా మెడలూ భుజాలూ సరిపోయిన మనుషులే, నేలకు ఆనిన ఇళ్లే, గోధుమరంగు కుక్కలే. చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ ఇంటికెళ్లారు.

మర్నాడు అధికారిణి ముందు ఆట చూసింది. బొండాంగాడు ఎడమకే తిరిగి పక్కపిల్లను ఢీకొన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వి తనూ ఎడమకు తిరిగింది. వెనక వరసంతా వాళ్లతో పాటే తిరిగేసింది. అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత బొమ్మల గదికి వచ్చింది. "అబ్బో!" అంది. వెంట వచ్చిన బడి పెద్దమేడమ్ ముఖం చేటంత అయింది.

"ఎవరి బొమ్మ దగ్గర వాళ్లు నిలబడండర్రా. అందులో ఏముందో నాకు చెప్పాలి."

పిల్లలు కదిలారు. కదిలి, గది మధ్యలో ఆగిపోయారు. పేర్లు కాగితాల వెనక ఉన్నాయి, ముందున్న బొమ్మలేమో వాళ్లెరిగినవి కావు. ఇద్దరు ఒకే ఇంటి ముందు నిలబడి "నాది," "పోరా, నాది" అని తోసుకున్నారు. ఒకడు తన కుక్కను వెతికి వెతికి ఏడుపు మొహం పెట్టాడు.

తూనీగ అని అందరూ పిలిచే పిల్ల మాత్రం ఒక బస్సు బొమ్మ దగ్గరికి వెళ్లింది. కాసేపు చూసి వెనక్కి తిరిగింది.

"ఇది నాదే గానీ, నాది కాదండీ."

"అదేంటమ్మా?"

"మా నాన్న బస్సు నడుపుతాడండీ. ఒంటిగంటకి మన గేటు ముందు నించే పోతాడు. నేను కమ్మీల్లోంచి చెయ్యి పెడతా, ఆయన కిటికీలోంచి పెడతాడు. అందుకే పొడుగు చెయ్యి వేశా. ఇంత చెయ్యయితే నాకు అందదు కదండీ!"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. పాళ్లు కుదరడం లేదని ఆ చెయ్యి కురచ చేసింది ఆయనే.

అధికారిణి కోప్పడలేదు. పిల్లలంతా వెళ్లాక మెల్లగా అంది. "వాళ్ల చెయ్యి చూద్దామని వచ్చాను మాస్టారూ. మీ చెయ్యి చాలా బాగుంది." పిల్లల ముందు అనకపోవడం ఆవిడ మంచితనమేనని మాస్టారు తర్వాత చాలాసార్లు అనుకున్నారు.

ఆటపాటలు ఉంచారు. బొమ్మల గంటలు లెక్కలకు పోయాయి.

ఆవిడ వచ్చి వెళ్లిన రాత్రే మాస్టారు తడిగుడ్డతో రంగు తీయబోతే కాగితం పొరలు పొరలుగా లేచొచ్చింది. మర్నాడు తూనీగకు కొత్త కాగితం ఇచ్చి, "నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యమ్మా" అన్నారు. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, రబ్బరు అరిగేదాకా చెరిపి చెరిపి గీసి తెచ్చింది. బస్సు తిన్నగా ఉంది. నాన్న చెయ్యి కిటికీ దగ్గరే ఆగిపోయింది.

"మీలాగే వేశానండీ. కరెక్టేనా?"

కాదంటే మళ్లీ దిద్దినట్టే. అవునంటే అబద్ధం. ఆయన తేల్చుకునేలోపే గేటు దగ్గర హారన్ వినపడింది, ఆ పిల్ల కాగితం బల్ల మీద వదిలేసి పరుగెత్తింది.

బడి ఏడాది ముగిసే చివరి సాయంత్రం ఆయన గోడ మీది కాగితాలు తీస్తుంటే డాన్సు టీచరు వచ్చి కుర్చీ పట్టుకుంది.

"వచ్చే ఏడాది నాటకం వేయిస్తున్నానన్నయ్యగారూ. తెరలకి రంగులెయ్యాలి. నా గంటలో సగం మీరు తీసుకోండి."

"నేను వెయ్యనమ్మా."

"మిమ్మల్నెవరు వెయ్యమన్నారు? మీరు కుంచె పట్టుకుంటే మీ చేతులు కట్టేస్తా. పిల్లలకి రంగులు కలిపివ్వండి చాలు."

ఆయన నవ్వారు. తర్వాత అడిగారు. "తూనీగ ఉంటుందా?"

"లేదండీ. ఆ తరగతి పెద్ద బడికి వెళ్లిపోతోందిగా."

మాస్టారు తల ఊపారు. ఆవిడ వెళ్లాక కుంచెలు కడిగి బోర్లించారు, కిటికీలు మూశారు. పక్కగదిలో ఆవిడ పిల్లలతో చివరిసారి పాట చెప్పిస్తోంది. వాళ్లకు అడ్డం రాకూడదని, ఆయన నేలకు రాసుకునే తలుపును కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.