నల్ల అద్దం వెనక కేకలు

నేను ఒక హెల్మెట్‌ని. మనుషుల తలలంటే నాకు మొదటినుంచీ కిట్టదు. అచ్చులోంచి ఊడిపడి హన్మకొండ రోడ్డు పక్కన వేలాడుతుంటే ఒక బ్యాంకు గుమాస్తా నన్ను కొన్నాడు. ప్రాణభయంతో కాదు, పోలీసుల భయంతో. చౌరస్తా దాటగానే మోచేతికి తగిలించుకునేవాడు. చివరికి విసుగొచ్చి చెల్లెలు స్వరూపకు ఇచ్చేశాడు.

స్వరూప క్రిమినల్ లాయరు. భార్యను చంపాడన్న కేసులో ఆటో డ్రైవర్ యాకయ్య తరఫున వాదిస్తోంది. ప్రతి వాయిదాకూ చనిపోయిన పిల్ల తల్లి కొమురమ్మ కోర్టు గేటు దగ్గర కాపు కాసేది.

"నా బిడ్డను సంపినోణ్ని ఇడిపిస్తవా? నీ కడుపుల ఆడివిల్ల పుట్టలేదా?" అని దుమ్మెత్తి పోసేది. ఒకసారి రాయి విసిరింది. పగిలింది నేను.

లోపల తోటి వకీళ్లు మరో రకం. "ఇంట్ల వంట జేసుకోక ఈ మర్డర్ కేసులెందుకు మేడం?" అనేవాళ్లు. స్వరూప నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు మండేది. ఎందుకంటే కోర్టు మెట్ల మీదే నన్ను పెట్టుకుని, నల్ల అద్దం దించి, స్కూటర్ కదలగానే అరిచేది. కాజీపేట వంతెన దాకా అరిచి, తర్వాత ఏడ్చేది. ఇంటి ముందు ముఖం తుడుచుకుని లోపలికి పోయేది. ఆమె చెమటా కన్నీళ్లూ తాగింది నేను. ఇష్టపడి కాదు.

ఒకనాడు కోర్టు వరండాలో యాకయ్య గొంతు తగ్గించి అన్నాడు: "నేనే జేసిన మేడం. ఇప్పుడు నా కేసు ఇడిసిపెడ్తరా?"

"ఇడిసిపెట్ట. సాక్ష్యం సూపెట్టుడు సర్కారు వకీళ్ల పని. నిలదీసుడు నా పని," అంది స్వరూప.

ఆ రోజు ఆమె అరవలేదు. ఆ నిశ్శబ్దం రాయికన్నా గట్టిగా తగిలింది.

సాక్ష్యాలు చాలక యాకయ్య విడుదలయ్యాడు. కాళ్లకు మొక్కబోతే స్వరూప వెనక్కి జరిగింది. బయట కొమురమ్మ స్కూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఆ టోపి తియ్యి. నీ మొకం సూడాలె."

స్వరూప నన్ను తీసింది. ముఖమంతా తడి.

"నువ్వేడ్సుడేంది? ఏడుపు నాది," అని కొమురమ్మ వెళ్లిపోయింది.

స్వరూప ఇంటికి పోలేదు. మహిళా న్యాయవాదుల గదికి తిరిగొచ్చి, సీనియర్ జుబేదా ముందు సాయంత్రం దాకా అన్నీ కక్కేసింది. నన్ను అక్కడే బీరువా మీద పడేసింది. మళ్లీ ముట్టలేదు.

మొన్న ఒక కొత్త లాయరమ్మాయి క్లయింటుకు యావజ్జీవం పడింది. స్వరూప, జుబేదా ఆమెను ఈ గదిలోకి తెచ్చి తలుపేశారు. "గట్టిగ అరువు బిడ్డా," అంది జుబేదా. పిల్ల అరిచింది. బయట ఎవడో తలుపు బాదాడు.

"ఏం లొల్లి మేడం లోపట?"

స్వరూప తలుపు తీసింది.

"ఏడుస్తున్నం. పని అయినంక వస్తం. జరుగు."