ఎర్రగీత వరకు

ఆపరేషన్ గది ముందు నేల మీద ఒక ఎర్రగీత ఉంటుంది. స్ట్రెచర్ తోసే మాలాంటివాళ్ళం అక్కడే ఆగిపోవాలి. అవతల లోపలివాళ్ళ స్ట్రెచర్, లోపలివాళ్ళ చెప్పులు. పదకొండేళ్ళుగా ఎందరినో అక్కడిదాకా తోసి వెనక్కి తిరిగాను. ఆ ఉదయం స్ట్రెచర్ మీద ఉన్నది మా మేనమామ.

మావయ్య దర్జీ. అమ్మ పోయాక నన్ను పెంచినవాడు. దేవుడూ లేదు, దెయ్యమూ లేదు పొమ్మంటాడు. పెళ్ళయ్యాక నేను ప్రభువును నమ్ముకున్నప్పటి నుంచి "పాస్టరమ్మా" అని ఆటపట్టిస్తాడు. గుండె ఆపరేషనని, బతికే అవకాశం సగం సగమేనని డాక్టరు చెప్పినప్పుడు కూడా, "పాత కోటుకి కొత్త లైనింగ్ వేస్తారు, అంతేగా" అని నవ్వేశాడు.

లిఫ్టులోకి రాగానే మాత్రం నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు చల్లబడి ఉన్నాయి.

"పాస్టరమ్మా, భయమేస్తోందే. మీ యేసు నాలాంటివాడికి ఏం చేస్తాడో చెప్పు. ఎక్కువ టైం లేదు."

ఈ మాట కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. తీరా అడిగేసరికి కంఠతా పట్టిందే నోటికొచ్చింది.

"ఆయన తన అమూల్యమైన రక్తముచేత మనలను విమోచించి, కృపచేత నీతిమంతులుగా తీర్చి..."

"ఆగవే తల్లీ! ఇంట్లో ఉప్పు అందుకోమనడానికీ ఇలాగే మాట్లాడతావా? నాతో మాట్లాడినట్టు చెప్పు."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. వరండా చివర గీత కనిపిస్తోంది. మహా అయితే నలభై అడుగులు. చెప్పలేకపోతే? మేము మాట్లాడుకోవడం ఇదే ఆఖరిసారైతే? ఇన్నేళ్ళూ విన్న ప్రసంగాల్లో ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు. నడక నెమ్మది చేశాను. "త్వరగా తీసుకురా!" అని గీత అవతల నుంచి నర్సు కేకేసింది.

"మావయ్యా, ఆయనకీ భయమేసింది," అన్నాను చివరికి.

"దేవుడికా?"

"ఊఁ. చంపడానికి వస్తున్నారని ముందే తెలుసు. ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. కాస్త మెలకువగా ఉండండ్రా అని స్నేహితుల్ని బతిమాలాడు. వాళ్ళేమో నిద్రపోయారు. నాన్నా, ఇది తప్పించలేవా అని అడిగాడు. తప్పలేదు."

"మరి?"

"వెళ్ళాడు. చచ్చిపోయాడు, నిజంగానే. మూడోరోజు లేచొచ్చాడు. మనం చేసిన తప్పులన్నీ తన నెత్తిన వేసుకుని, మనకోసమే వెళ్ళాడని నా నమ్మకం."

చక్రాలు గీత దగ్గర ఆగాయి. ఆకుపచ్చ గౌన్లు వేసుకున్న ఇద్దరు వచ్చి, దుప్పటితో సహా మావయ్యని తమ స్ట్రెచర్ మీదికి లాక్కున్నారు. మావయ్య నా మణికట్టు వదల్లేదు.

"నువ్వూ రావే."

"నేను ఈ గీత దాటకూడదు మావయ్యా." ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఆయన దాటాడు. అవతల నువ్వు ఒక్కడివే ఉండవు. నాకు తెలిసింది ఇంతే."

కొలతలు తీసుకునేటప్పటిలా నన్ను తేరిపార చూశాడు.

"నమ్మేశానని అనలేనే. అర్థం మాత్రం అయింది."

వేళ్ళు ఒక్కొక్కటే వదిలాడు.

తలుపులు మూసుకున్నాయి. ఖాళీ స్ట్రెచర్ పట్టుకుని అక్కడే నిలబడి, "పరలోకమందున్న మా తండ్రీ..." అని మొదలుపెట్టాను. అక్కడే ఆపేశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"నాన్నా, మా మావయ్య లోపలున్నాడు. చాలా భయపడుతున్నాడు. కాస్త పక్కన ఉండు."